తలకిందుల స్తంభం

మొన్న శనివారం పొద్దున వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మా మనవరాలు ఫోన్ చేసింది. ఇండ్ల నమూనాలు గీసే చదువు చదివిన పిల్ల. ఇప్పుడు జగిత్యాల అవతల ఎక్కడో ఓ పాత పెంకుటిల్లు విప్పించి, ఆ కలపనూ ఆ రాళ్లనూ కరీంనగర్ తెచ్చి, వాటితోనే ఎవరికో కొత్త ఇల్లు కట్టిస్తోంది. కొత్తగా చెట్టు కొట్టకుండా, కొత్తగా ఇటుక కాల్చకుండా, ఉన్నదాన్నే మళ్లీ నిలబెట్టడం ఇప్పటి పిల్లలకు పెద్ద ఆదర్శమట. నాకు సంతోషమే. ఫోన్‌లో ఆ దూలాలనూ వాసాలనూ చూపించింది. ఒక్కోదానికి ఒక్కో స్టిక్కరు, దాని మీద నంబరు, నంబరు పక్కన నల్లటి గళ్ల గుర్తు. ఆ గుర్తుకు ఫోన్ చూపిస్తే చాలట, ఆ కర్ర ఏ గదిలో ఏ మూల ఉండేదో బొమ్మతో సహా చెప్పేస్తుందట. అంతా చూపించి, చివరికి అసలు సంగతి అడిగింది. గడప మీద ఏండ్ల నాటి పసుపు పేరుకుని ఉంది, దూలాలకు మసి పట్టి ఉంది, వీటిని దేనితో కడగాలి అమ్మమ్మా అని. నేను చిక్కుడుకాయల చాట పక్కకు నెట్టి, ఏదీ ముట్టకు, నీళ్ల బొట్టు పడనియ్యకు అని ఇంత గొంతు చేసుకుని అరిచాను. పిల్ల బిత్తరపోయింది. ఇటుపక్క కుర్చీలో పేపరు చదువుకుంటున్న మా ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, కండ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వారు. ఆయన ఎందుకు నవ్వారో ఆ పిల్లకు ఫోన్‌లో చెప్పే కథ కాదు, అందుకే ఇలా రాస్తున్నాను.

నా వయసు వాళ్లకు చెప్పనక్కర లేదు గానీ, మన రోజుల్లో పాత కర్రతో ఇల్లు కట్టుకోవడం గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. కొత్త టేకు కొనలేనివాళ్లు చేసే పని. నేనేమో టేకు పుట్టిన చోట పుట్టినదాన్ని. గోదావరికి అవతల, ఆదిలాబాదు దిక్కు అడవి పక్కన మా పుట్టిల్లు. మా బాపు, అంటే మా నాయన, కట్టించిన రెండర్రల ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ మంచి టేకే. క్రిస్మస్ వస్తుందంటే చాలు, వారం ముందు నుంచే మా అవ్వ మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి, కొబ్బరిపీచూ పొయ్యిలో బూడిదా ఇచ్చి తలుపులు తోమించేది. తోమిన తలుపు ఎండకు ఆరాక తేనెరంగు తేలేది. అట్లా తోమని ఇంటిని చూస్తే మా అవ్వ ముక్కు చిట్లించేది. ఆ ముక్కు చిట్లింపును కూడా సారెతో పాటు మూట కట్టుకుని నేను చొప్పదండి దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చాను.

వచ్చి చూస్తే తోమడానికి అక్కడ తలుపే లేదు. మట్టిగోడలు, తాటికమ్మల కప్పు, వాకిలికి అడ్డంగా ఒక తడక. మా మామ, అత్తమ్మ వ్యవసాయ కూలికి పోయేవాళ్లు, మా ఆయన గోడలు కట్టే మేస్త్రీల దగ్గర పనికి పోయేవారు, నేను మా మిషన్ వాళ్లు నడిపే బాలవాడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. వానాకాలం వస్తే ఆ కప్పు మా ఇంట్లో ఉన్న గిన్నెల కంటే ఎక్కువ చోట్ల కారేది. ఒక వానాకాలం గడిచింది. రెండో వానాకాలం వచ్చేలోపల ఎట్లాగైనా పెంకల కప్పు పడాలని మా మామ గట్టిగా అనుకున్నారు. గోడలు మా ఆయన కడతారు, మట్టి మనదే, రాయి గుట్ట నుంచి వస్తుంది. లేనిదల్లా కర్ర.

ఆ ఎండాకాలమే మానేరు ఒడ్డున ఒక ఊరు ఖాళీ అవుతోంది. ఆనకట్ట నీళ్లలో మునిగే ఊరు. మా అత్తమ్మ చిన్నప్పటి నుంచీ నాట్లకూ కలుపులకూ పోయిన పొలాలన్నీ ఆ ఊళ్లోనివే. అందులో ఒక రైతు ఇంటి ముసలావిడను మేమంతా పెద్దవ్వ అనేవాళ్లం. నా పెండ్లికి ఆమె ఇత్తడి చెంబు నిండా నెయ్యి తెచ్చి ఇచ్చింది, ఆ నెయ్యి వాసనతోనే నాకు ఆమె పరిచయం. ఆమె కొడుకులు ప్రభుత్వం ఇచ్చిన జాగాలో స్లాబు ఇండ్లు కట్టుకున్నారు. వాటిలో పాత దూలాలకు చోటు లేదు. కొనడానికి పట్నం నుంచి మనుషులు వచ్చి చూశారు, కానీ వాళ్లు దూలాలను కోసి బల్లలు చేస్తామన్నారట. పెద్దవ్వ వాళ్లను వాకిలి దాటి లోపలికి రానియ్యలేదు. నా ఇంటిని కోసే రంపం ఇంకా పుట్టలేదు పో అన్నదట. సంగతి తెలిసి మా అత్తమ్మ పోయి అడిగింది. ధర సంగతులు మా మామా ఆమె కొడుకులూ మాట్లాడుకున్నారు, నాకు తెలియవు. పెద్దవ్వ పెట్టిన షరతు మాత్రం మా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చింది.

"నా ఇల్లు ఇక్కడెట్లున్నదో అక్కడ గట్లనే నిలవాలె. దూలం జాగల దూలం, కంబం జాగల కంబం. ఒక్క గాటు పడొద్దు. మిరుగం నాటికి వచ్చి చూస్త."

కంబం అంటే స్తంభం. మిరుగం అంటే మృగశిర కార్తె, తొలకరి. వాన కూడా అప్పుడే వస్తుంది, పెద్దవ్వ కూడా అప్పుడే వస్తుంది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయపడాలో మా మామకు తెలియలేదు.

ఇల్లు విప్పడానికి మా ఊరి వడ్లాయనను, అంటే వడ్రంగిని, పిలిచారు. మా మామ ఈడువాడు, నేను వడ్లమామ అనేదాన్ని. మాట తక్కువ, రోషం ఎక్కువ, పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, ఊరూరా తిరిగి వేరేవాళ్ల దగ్గర పని నేర్చుకున్న మనిషి. వాళ్ల నాయన చేతిపని ఎంత గొప్పదో ఊళ్లో ముసలివాళ్లు చెబితే వినడమే గానీ, ఆయన చేసిన ఒక్క పీట కూడా తన కండ్లతో చూడలేదని ఒకసారి చాయ్ తాగుతూ మా ఆయనతో అన్నాడట. పాత ఇల్లు విప్పి మళ్లీ కూర్చేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియడానికి వడ్లవాళ్లు ఉలితో గాట్లు పెడతారు. గాటు పడొద్దని పెద్దవ్వ షరతు కదా, అందుకని వడ్లమామ బొగ్గూ ఎర్రటి జాజుమన్నూ తీసుకుని గుర్తులు పెట్టాడు. తూర్పు గోడ వాసాలకు ఒక గీత, పడమటి వాటికి రెండు, నడింట్లో దూలాలకు చుక్కలు, స్తంభాలకు సున్నాలు. అన్నీ ఆయన తలలో పుట్టిన లెక్కలు. రాయడం ఆయనకు రాదు, గుర్తుంచుకోవడం ఆయనకు అక్కరలేదు. గీత చూస్తే చాలనుకున్నాడు.

ఎడ్లబండ్ల మీద నాలుగు రోజులు మోస్తే ఆ ఇల్లంతా మా పెరట్లోకి వచ్చి పడింది. నా కండ్లకైతే అది ఇల్లులా కనబడలేదు. ఏండ్ల తరబడి పొయ్యిపొగ పట్టి, నూనెజిడ్డు పట్టి, సాలెగూళ్లూ బల్లిగుడ్లూ పిచ్చుక రెట్టలూ నిండి, బొగ్గుల కుప్పలా కనబడింది. మా పుట్టింటి ముక్కు చిట్లింపు నాకు అప్పుడు వచ్చింది. సరిగ్గా ఆ సమయానికే వడ్లమామ చెల్లెలి ఇంట్లో పెండ్లి ఉందని మంథని పోయాడు. మా ఆయనా మామా మిగిలిన పెంకలు తేవడానికి బండి కట్టుకుని పోయారు. బాలవాడికి సెలవులు. కొత్త కోడలు అందరి చేతా భేష్ అనిపించుకోవడానికి ఇంతకంటే మంచి అదను వస్తుందా?

మా చర్చి ఆడవాళ్లను పిలిచాను. ఆదివారం పాటలు పాడే ఎనిమిది మందీ వచ్చారు. కుంకుడుకాయలు నానబెట్టాం, బూడిద జల్లించాం, పీచు పంచుకున్నాం. రెండు రోజులు మా పెరడు పెండ్లిల్లే. ఒకరు నీళ్లు తోడితే ఒకరు రుద్దడం, ఒకరు ప్రార్థన పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు బతుకమ్మ పాట అందుకోవడం, తోమిన దూలాన్ని ఆరుగురం మోసి ఎండలో పెట్టి దాని చుట్టూ నిలబడి మురిసిపోవడం. గడప మీది పసుపు ఎంత తోమినా పోలేదు గానీ, మిగిలిన కర్ర అంతా మా అవ్వ చేతి తలుపుల్లా తేనెరంగు తేలి మెరిసింది. మా అత్తమ్మ పని నుంచి వచ్చి చూసి, నా కోడలు బంగారం అని పక్కింటికి వినబడేలా అన్నది. ఆ మాట ఆ తర్వాత చాలా ఏండ్ల దాకా మళ్లీ వినలేదు.

మూడోనాడు వడ్లమామ వచ్చాడు. పెరటి తడక దగ్గరే ఆగిపోయాడు. ఒక్కో దూలం దగ్గరకు పోయి, వంగి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. నేను మంచినీళ్ల చెంబుతో, మెచ్చుకోలు కోసం, ఆయన వెనకాలే తిరుగుతున్నాను. చివరికి ఆయన నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు.

"ఏం జేసినవు బిడ్డా! నేను పెట్టిన గీతలేడ పోయినయి?"

ఏడ పోతాయి, కుంకుడు నురగలో కలిసి మా జామచెట్టు పాదులోకి పోయాయి. అప్పటిదాకా అవి గుర్తులని నాకు తెలియదు. మసి మీద బొగ్గు గీతలూ జాజు గీతలూ చూసి, పిల్లలెవరో గీసినవనుకున్నాను. పైగా అవే మొండిగా ఉన్నాయని వాటి మీద రెండోసారి బూడిద వేసి మరీ రుద్దాను. మా ఆయన ఆరోజు నవ్వలేదు. నవ్వడానికి ఆయనకు తర్వాత జీవితమంతా దొరికింది.

ఒక వారం రోజులు వడ్లమామ, మా ఆయన, మామ కలిసి ఆ కర్రలతో కుస్తీ పట్టారు. ఈ వాసం ఆ దూలానికి పట్టదు, ఆ దూలం ఈ స్తంభం మీద కూర్చోదు. పొడుగులన్నీ ఒకేలా కనబడతాయి, తీరా ఎత్తి పెడితే జానెడు తేడా వస్తుంది. పట్టనివాటిని కాస్త కోస్తే సరిపోయేది. కానీ కోయడానికి వీల్లేదు కదా. ఆకాశంలో మబ్బులు కమ్మడం మొదలైంది. నేను బడి పిల్లలకు దిద్దించే పలకను తెచ్చుకుని, దాని మీద సుద్దతో లెక్కలు వేసి, ఏది దేనికి పడుతుందో కనిపెట్టబోయాను. వడ్లమామ ఆ పలకను చూసి ఏమీ అనకుండా పక్కకు పెట్టాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది. నాకు అన్నం సయించేది కాదు. ఒకనాడు చర్చికి పోయి మోకాళ్ల మీద కూర్చుని, ప్రభువా ఆ గీతలు మళ్లీ కనిపించేలా చెయ్యి అని నిజంగానే అడిగాను. గీతలు కనిపించలేదు. మా అత్తమ్మకు మాత్రం ఒక ఆలోచన వచ్చింది. ఎట్లాగూ తిట్లు తప్పవు, అవేవో ముందే తిందాం, పెద్దవ్వనే పిలుద్దాం అన్నది.

పెద్దవ్వ బండి దిగి, చేతికర్ర పొడుచుకుంటూ పెరట్లోకి వచ్చి, తన ఇంటిని చూసింది. నేను మా అత్తమ్మ వెనక దాక్కున్నాను. ఆమె ఆ కర్రల చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత ఒక దూలాన్ని అరచేత్తో నిమిరి, ఇంత రంగున్నదా దీనికి, నేను యాభై ఏండ్ల సంది మసే చూసిన అన్నది. తిట్టలేదు. తిట్టకపోగా ఎవరు తోమిండ్రని అడిగి, నన్ను ముందుకు లాగి, నా పగిలిన చేతివేళ్లు చూసి, నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఏడుపు వచ్చింది, అందరి ముందూ గట్టిగానే ఏడ్చాను.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. జామచెట్టు కింద నులకమంచం వేయించుకుని పెద్దవ్వ కూర్చుంది. ఒక్కో కర్రను ఆమె ముందుకు తెమ్మన్నది. కండ్లు సరిగా ఆనవు కనుక చేత్తో తడిమేది. ఇది నడింటి దూలం, ఈ కొండికి నా ఆరుగురు పిల్లల ఉయ్యాల కట్టిన. ఇది వంటర్ర వాసం, ఎలుక కొరికిన జాగ ఇగో. ఈ కర్రకు జొన్న కంకులు కట్టి వేలాడదీసేది మా ఆయన, మేకుల వరుస చూడు. ఇది గొడ్ల కొట్టం దిక్కుది, కోడె కొమ్ముతో పొడిచింది. ఇక్కడ నా పెద్దబిడ్డ పెండ్లినాడు పందిరి గుంజకు తాడు గట్టిండ్రు, ఒరుసుకుపోయిన జాడ ఉన్నది. కడగడంతో పోయినవి వడ్లమామ గీతలు మాత్రమే. ఆమె గీతలు ఒక్కటీ పోలేదు, పైపెచ్చు మసి పోయేసరికి బాగా తేలాయి. రెండు రోజుల్లో ఆ ఇల్లంతా ఆమె వేళ్ల కింద మళ్లీ వరుసకు వచ్చింది. వడ్లమామ నోరు తెరుచుకుని, ఆమె చెప్పిన చోటల్లా కొత్త గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ఈసారి ఆ గుర్తుల దరిదాపుల్లోకి నన్ను రానియ్యలేదు.

అంతా సవ్యంగా పోతోందనుకున్నప్పుడు నడింటి స్తంభాల దగ్గర పేచీ వచ్చింది. మొత్తం నాలుగు. మూడు నిలబెట్టారు. నాలుగోదాన్ని ఎత్తబోతూ వడ్లమామ ఆగిపోయాడు. మసి పోయి కర్ర పొర స్పష్టంగా కనబడుతోంది కదా, ముడుల వాలు చూసి ఆయనకు అర్థమైంది, ఆ స్తంభాన్ని మొదట చేసినవాడు చెట్టు మొదలు పైకీ కొస కిందికీ పెట్టి చేశాడు. చెట్టు ఎట్లా పెరిగిందో కర్ర అట్లాగే నిలవాలి, మొదలు కింద, కొస పైన. తలకిందులుగా నిలబెడితే ఆ ఇల్లు తలకిందులవుతుందని వడ్లవాళ్ల నమ్మకం. వడ్లమామ ముఖం మాడిపోయింది. ఇది చేసినవాడికి ఉలి ఎవడిచ్చాడని తిట్టాడు. రెండో కొసకు కొత్తగా మొన చెక్కి, తిప్పి నిలబెడతానన్నాడు.

పెద్దవ్వ మంచం మీద నుంచి లేచింది. ఆ స్తంభానికి ఒకచోట వేలు పట్టేంత లోతుగా గాడి ఉంది. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆమె ఆ స్తంభానికే తాడు కట్టి, దాని ముందు కూర్చుని, కవ్వంతో చల్ల చిలికింది. తాడు రాపిడికి పడిన గాడి అది. కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో ఉండేది. స్తంభాన్ని తిప్పితే ఆ గాడి నిలబడ్డ మనిషి తలకంటే పైకి పోతుంది.

"నన్ను నిలవడి చల్ల చిలుకుమంటవా ఏందిరా?"

"గది కాదు పెద్దవ్వా. తప్పు కండ్లకు కొడుతుంటె నా చేతులతోని మళ్ల గదే తప్పు జెయ్యమంటవా? నేను ఎత్తను. గీ ఇంట్ల రేపేమన్నయితె నన్నంటరు."

వడ్లమామ పనిముట్లు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. మా మామ ఆయన చేయి పట్టుకుని బతిమాలారు. ఆయన పోతే కప్పు లేదు, కప్పు లేకపోతే మిరుగం వాన మా నెత్తి మీదే. తిప్పితే పెద్దవ్వకు ఇచ్చిన మాట పోతుంది. ఊరూ పొలమూ నీళ్లకు పోగా, ఆమెకు తనదని తడిమి చూసుకోవడానికి మిగిలింది ఆ గాడి ఒక్కటే. ఆమె దాని మీద చెయ్యి తీయకుండా నిలబడింది.  మా ఆయన మధ్యలో ఏదో సర్దిచెప్పబోతే ఇద్దరూ కలిసి ఆయన్నే కసురుకున్నారు.

అప్పుడు పెద్దవ్వ చేతికర్ర నేలకు ఆనించి, చాలా నెమ్మదిగా అన్నది.

"ఉలి ఎవడిచ్చిండంటివి గదా. గీ కంబం నిలవెట్టింది మీ బాపేరా. పొద్దుగాల మొన చెక్కుతుంటె కబురొచ్చింది, కొడుకు పుట్టిండని. ఏది మొదలో ఏది కొసో సూస్కోలే. చెక్కిండు, నిలవెట్టిండు, ఉలి గూడ ఆడనే ఇడిసి ఉరికిండు. పుట్టింది నువ్వే. వేములవాడ రాజన్న మీద ఒట్టు."

వడ్లమామ చేతిలో సంచి అట్లాగే ఉండిపోయింది.  ఆయన వచ్చి ఆ స్తంభం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొన చెక్కిన చోట బొటనవేలు పెట్టి, ఉలి జాడ వెంట మెల్లగా నడిపాడు. తండ్రి చేతిపని ఆయన ముట్టుకోవడం అదే మొదలు. ఉరికిండా మా బాపు, అని అడిగాడు. చెప్పులు గూడ మరిచిండు అన్నది పెద్దవ్వ. ఆయన ఒక్కసారిగా నవ్వాడు, అంత నవ్వు ఆయన ముఖం మీద మేమెవరమూ చూసి ఉండలేదు, నవ్వుతూనే తలపాగా కొసతో ముఖం తుడుచుకున్నాడు. ఆ స్తంభాన్ని ఎత్తడానికి ఇంకెవరినీ చెయ్యి వేయనియ్యలేదు. మొదలు పైకీ కొస కిందికీ, చల్లగాడి కూర్చున్న మనిషి చేతికందే ఎత్తులో, తానొక్కడే భుజానికెత్తుకుని నిలబెట్టాడు.

మిరుగానికి రెండు రోజుల ముందు గూనపెంకలు పరిచారు. గృహప్రవేశానికి మా పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. మేము ఆమెన్ అన్నాక కండ్లు తెరిచి చూస్తే, పెద్దవ్వ గడప దగ్గర కూర్చుని పసుపు రాస్తోంది. అందరమూ అయ్యగారి ముఖం చూశాం. ఆయన ఒక నిమిషం ఆలోచించి, ఇంతకుముందటి పసుపే పోలేదంట గదమ్మా, ఇది మాత్రం పోతుందా అని, పసుపు తొక్కకుండా జాగ్రత్తగా దాటి వెళ్లి భోజనానికి కూర్చున్నారు. ఆరోజు మా అత్తమ్మ వండిన కోడికూరా, పెద్దవ్వ తెచ్చిన నెయ్యీ, బయట తొలి చినుకులూ. ఒక్క చుక్క కూడా లోపల పడలేదు. పడుతుందేమోనని అలవాటుగా గిన్నె చేత్తో పట్టుకుని తిరుగుతున్న మా అత్తమ్మను చూసి అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ తర్వాత చాలా ఏండ్లు పెద్దవ్వ అంగడి రోజున మా ఇంటికి వచ్చేది. వాళ్ల స్లాబు ఇంట్లో కాలు చాపుకుంటే సిమెంటు సల్లగా తగులుతుందనేది. వచ్చి, తన స్తంభానికి వీపు ఆనించి, ఒక పొద్దంతా కూర్చునేది. నా పిల్లలు ఇద్దరూ ఆమె చల్ల తాగే పెరిగారు. చిలకడం నాకు నేర్పింది, తాడు ఆమె ఆడించినంత వాటంగా నాకు ఎన్నడూ రాలేదు. వడ్లమామ కూడా వారంలో రెండుసార్లు ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేవాడు. కొత్తవాళ్లు ఎవరైనా మా ఇంటికి వస్తే ఇక ఆయన ఆగడు. చేయి పట్టుకుని తీసుకుపోయి ఆ స్తంభం చూపించి, తలకిందులుగా ఎందుకున్నదో, ఆ రోజున ఎవరు పుట్టారో చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ వాళ్ల నాయన ఇంకొంచెం జోరుగా ఉరికేవాడు.

ఒకసారి మేమిద్దరమే కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నప్పుడు పెద్దవ్వ నాతో అసలు సంగతి చెప్పింది. వడ్లమామ తండ్రిని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆ ఇల్లు కట్టింది గోదావరి అవతలి నుంచి టేకుతో పాటే వచ్చిన వడ్లవాళ్లట, వాళ్ల పేరూ ఊరూ ఆమెకు తెలియవు.  మరి రాజన్న మీద ఒట్టు పెట్టుకుంటివి గదా పెద్దవ్వా అన్నాను.

"నా కంబం పోతుండె బిడ్డా. ఏం తోచలే, నోటికొచ్చింది చెప్పిన. మల్ల వారమే వేములవాడ పోయి రాజన్న గుడి కాడ కోడెను గట్టిన. తప్పయిందని మొక్కిన. ఆయన ఏమనలే. నువ్వు మాత్రం వానికి చెప్పకు."

చెప్పలేదు. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పెద్దవ్వ పోయింది. కొన్నేండ్లకు వడ్లమామ కూడా పోయాడు, పోయేముందు నెల కూడా వచ్చి ఆ గాడిలో వేలు పెట్టి చూసుకుని వెళ్లాడు. అసలు సంగతి చెప్పి ఆయన్ను సరిచేయాలన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు. మనకు అప్పట్లో అన్నిటికీ రుజువులు ఉండేవి కావు. ఎవరో ఒకరు నమ్మకంగా చెబితే నమ్మేవాళ్లం, ఆ నమ్మకంలో నాలుగు రోజులు సంతోషంగా బతికేవాళ్లం. ఇప్పుడు ఏ కర్ర ఎంత వయసుదో, ఏ అడవిదో చెప్పే యంత్రాలున్నాయట. మంచిదే. కాకపోతే ఇప్పటి ఇండ్లలో ఎవరి వీపు ఏ గోడకు ఆనిందో చెప్పేవాళ్లు కరువయ్యారు. మా ఊళ్లోనే చూస్తున్నాను, కట్టిన ఇరవై ఏండ్లకే స్లాబు పగలగొట్టి, ఇనుప చువ్వలు ఏరుకుని, మిగిలింది ట్రాక్టర్లో పోసుకుపోయి వాగులో పారబోస్తున్నారు. ఎవరూ ఆపి, ఆగండి, ఇది నాది అనడం లేదు.

నిన్న వడ్లమామ కొడుకు వచ్చాడు. కర్రపని మానేసి చాలా ఏండ్లయింది, చొప్పదండిలో అల్యూమినియం కిటికీలు బిగించే షాపు పెట్టుకున్నాడు. మా కిటికీలకు దోమల జాలీ కొలతలు తీసుకోవడానికి వచ్చి, పని సంగతి మరిచి ఆ స్తంభం దగ్గర నిలబడిపోయాడు. మా తాత చేసిండు గదా వదినా అని, ఫోన్ నా చేతికిచ్చి, స్తంభం మీద చెయ్యి వేసుకుని ఫోటో తీయమన్నాడు. తీశాను. వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకొస్తాను, వాళ్ల తాత పుట్టిన రోజు సంగతి నువ్వే నీ నోటితో చెప్పాలె అన్నాడు.

చెబుతానన్నాను. రాజన్నకు కోడెను కట్టే దారి నాకు లేదు, మా దేవుడికి నేనే ఏదో సమాధానం చెప్పుకోవాలి. కానీ ఆ పిల్లలు వచ్చి కూర్చున్నాక, వాళ్ల ముత్తాత, కొడుకు పుట్టాడన్న సంబరంలో, చెప్పులు మరిచి మానేరు ఒడ్డు వెంట ఎట్లా ఉరికాడో, ఆ ఉరుకుడు ఎక్కడా తగ్గకుండా చెప్పాలని ఇప్పటి నుంచే మనసులో అనుకుంటున్నాను.